తడికాళ్ల దారి

మా అక్క పోయాక ఆమె గదిలో సర్దవలసినవి పెద్దగా ఏమీ మిగల్లేదు. చీరలు అడిగినవాళ్లకు ఇచ్చేశాం. మందులు కింది వాటాలో ఉన్నావిడ పట్టుకెళ్లింది, ఈ ఊళ్లో ఇప్పుడు మందులు దొరకడం కష్టంగా ఉంది కాబట్టి. మంచం కింద ఒక ఇత్తడి చెంబు మాత్రం ఉండిపోయింది. వానాకాలమంతా అక్కడే ఉండి నల్లబడింది. ఎండలు ముదిరి, బర్మావాళ్ల నీళ్ల పండగ ఇంకా కొద్దిరోజులు ఉందనగా, అక్క కోడలు తీదా ఆ చెంబును చింతపండు పెట్టి తోమి, తెచ్చి నా ముందు పెట్టింది. "డోడో, ఈ ఏడు మెట్టకి వెళ్తామా?" అని అడిగింది. బర్మావాళ్లు పిన్ని వరసవాళ్లను డోడో అంటారు. తీదా తాత మన తెలుగాయనే. తన్లిన్ రిఫైనరీలో పని చేస్తూ అక్కడి బర్మా ఆవిడను చేసుకున్నాడు. ఈ పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాత్రం కొంతదూరం వచ్చి బర్మా మాటల్లోకి దిగిపోతుంది.

మెట్టకి వెళ్లడమంటే అక్కడున్న గట్టమ్మకు ఇంటి కబురు చెప్పడం. కబురు చెప్పాల్సింది ఇంటి పెద్దావిడ. మొన్నటిదాకా అది మా అక్క పని. ఇప్పుడు ఇంటికి పెద్దదాన్ని నేను. అక్క చివరి రోజుల్లో, ఇంకా మాట స్పష్టంగా ఉన్నప్పుడే, నా చెయ్యి పట్టుకుని, "శంకర్ గురించి అమ్మకి ఏటి సెప్పాలో నువ్వే సూసుకోయే. నాకేటీ తోచట్లేదు" అంది. శంకర్ అక్క కొడుకు, తీదా భర్త. లత పేటలో ఒక కొట్లో ఫోన్లు బాగుచేసేవాడు. సైన్యంలోకి పట్టుకెళ్లడానికి ఊళ్లో ఈడొచ్చిన కుర్రాళ్ల పేర్లు రాసుకోవడం మొదలయ్యాక, ఒక చిన్న సంచితో తూర్పు సరిహద్దు వైపు వెళ్లిపోయాడు. దారిలో ఒకసారి ఫోన్ చేశాడు. ఏరు దాటడానికి పడవ కోసం చూస్తున్నామన్నాడు. అతని వెనకాల ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, చూశామని చెప్పినవాళ్లూ లేరు. నిరుడు అక్క గట్టమ్మ ముందు కూర్చుని "నా కొడుకు ఊరెల్లాడమ్మా" అని చెప్పింది. ఈ ఏడు ఆ మాట నేను చెప్పాలి, లేదా పోయాడనే రెండో మాట చెప్పాలి. రెండింటికీ మధ్య మాట మా కబురులో లేదు.

ఈ రెండు మాటల సంగతి చెప్పాలంటే ముందు ఆ చోటు గురించి చెప్పాలి. మింగలాడన్ దాటాక పెద్దరోడ్డు వదిలి లోపలికి పోతే చెట్లు పలచబడి ఎర్రమట్టి మెట్ట వస్తుంది. మోకాలెత్తు గడ్డి, ముళ్లతుప్పలు, నీడ కోసం వెతుక్కోవాల్సిన చోటు. మట్టిలోంచి ఎర్రరాయి అంచులు అంచులుగా పైకి తేలి ఉంటుంది, తేనెపట్టులా ఒళ్లంతా చిల్లులతో. ఆ అంచు మీద నిలబడితే కింద రెండు చెరువులు కనిపిస్తాయి. ఊరికి మంచినీళ్ల కోసం తెల్లవాళ్ల కాలంలో కట్టించినవి. మావాళ్లు వాటిని పెద్దనీళ్లు, చిన్ననీళ్లు అనేవారు. రెండింటి మధ్యా రాతి గట్టు. ఆ గట్టుకు మట్టి మోసినవాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని పెద్దవాళ్లు చెప్పేవారు. మెట్ట చివర ఒక రాయికి పసుపు పూసి గట్టమ్మ అని కొలవడం మొదలుపెట్టింది వాళ్లే. ఆ పక్క పల్లెల బర్మావాళ్లు కూడా ఆ రాయిని అమేజీ అంటారు, పెద్దమ్మ అని. అరటిపళ్లు పెట్టి దణ్ణం పెట్టుకుని పోతారు.

కబురుకు మంత్రాలు లేవు. ఇంటి పెద్దావిడ రాయి ముందు చతికిలబడి, పక్కింటావిడతో చెప్పినట్టు ఆ ఏడాది ఇంటి సంగతులు చెబుతుంది. ఎవరు పుట్టారు, ఎవరు ఊరెళ్లారు, ఎవరు పోయారు. చెప్పడం అయ్యాక తిరిగి రావడానికి రెండు దారులు. ఆ ఏడు మనిషి పోని ఇంటివాళ్లు వచ్చిన దారినే, రాళ్ల అంచు వెంట, కాలికి తడి తగలకుండా రావాలి. మనిషి పోయిన ఇంటివాళ్లు కిందికి దిగి పెద్దనీళ్ల ఒడ్డున, మడమలు మునిగే నీళ్లలో నడుచుకుంటూ గట్టు చేరాలి. ఎండాకాలానికి చెరువు వెనక్కి తగ్గుతుంది కాబట్టి అలా నడవడానికి వీలుంటుంది. తడికాళ్లవాళ్లకు ఇంటి గుమ్మంలో పసుపునీళ్లు పొయ్యాలి, అవి పడేదాకా వాళ్లు గడప దాటకూడదు. పొడికాళ్లవాళ్లు ఆ రోజు కాళ్లు కడగకూడదు, మెట్టదుమ్ముతోనే పడుకోవాలి. దీన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకు ఒకసారి చెబితే, ఇలాంటిది తాము ఎక్కడా వినలేదన్నారు. మా మామ్మను చిన్నప్పుడు అడిగితే, "పోయినోల్లని నీల్లకి అప్పజెప్పి రావాల. ఉన్నోల్ల పేరు మీద తడి తగలకూడదు. అంతే. నీకు అన్నీ కావాల" అని కసిరింది.

మామ్మ అంటే మా నాన్న తల్లి. మేమంతా అహ్లోన్‌లో ఏటి ఒడ్డున బియ్యపు మిల్లు వెనక పొడుగాటి కర్ర ఇంట్లో ఉండేవాళ్లం. ఆ ఇంటికి దాని వాసన ఉండేది. పొద్దున్న ఉడికిన ధాన్యం వాసన, మధ్యాహ్నం తవుడు, సాయంత్రం గాలి తిరిగితే పక్కింట్లో ఎండబెట్టిన ఙాపి వాసన. ఙాపి అంటే పులిసిన చేపముద్ద. మామ్మ ఆ వాసనకు ముక్కు మూసుకునేది గానీ పక్కింటి బర్మా ఆవిడ డో తిన్ గిన్నెడు కూర పంపిస్తే మాత్రం వేళ్లు నాకేది. మామ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. బర్మా చుట్టలు లావుగా ఉండి నోట్లో పట్టవని తనే పొగాకు తెప్పించుకుని సన్నగా చుట్టుకునేది. మా వీధి బర్మా పిల్లలు గుంపుగా వచ్చి చూసేవారు, ఎప్పుడు నాలుక కాలుతుందా అని. "ఓలమ్మ, నానేటి సర్కస్ పెట్టానేటి, ఎల్లండి" అని మామ్మ నిప్పు నోట్లో ఉంచుకునే వాళ్లను తిట్టేది. అది చూసి వాళ్లు ఇంకా ఎక్కువ మంది వచ్చేవారు.

మా చిన్నాన్న అప్పన్న బియ్యం పడవల మీద దక్షిణానికి, మెర్గూయి వైపు వెళ్లేవాడు. అతని భార్య నర్సమ్మ పిన్ని ఆ ఇంట్లో అందరికంటే చిన్నది, నవ్వితే ఆపుకోలేని మనిషి. మొహానికి పసుపు రాసుకుని దాని మీద బర్మా ఆడవాళ్లలా తనాఖా, అంటే చెట్టు బెరడు అరగదీసిన గంధం, కూడా రాసుకునేది. "గోడకి రొండు రంగులు ఏసినట్టుందే నీ మొకం" అని మామ్మ అనేది. "అయితే పండగ దాకా ఉంచేస్తాను అత్తా, మల్లీ సున్నం ఖర్చు ఎందుకు" అని పిన్ని అనేది. ఒకసారి చిన్నాన్న వెళ్లిన పడవ తిరిగి వచ్చింది గానీ చిన్నాన్న రాలేదు. మధ్య రేవులో దిగిపోయాడని పడవవాళ్లు చెప్పారు. ఒకతను వేరే పడవ ఎక్కడం చూశానన్నాడు, ఇంకొకతను అప్పటికే జ్వరంగా ఉన్నాడన్నాడు. నాన్న రెండుసార్లు అంతదూరం వెళ్లి రేవుల్లో అడిగి వచ్చాడు. రెండోసారి వచ్చాక, భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, ఇంక ఆ మాట ఎత్తలేదు.

మామ్మకు మాత్రం అనుమానమే లేదు. కొడుకు ఊరెళ్లాడు, వస్తాడు. రాత్రి వంట అయ్యాక చిన్నాన్న వంతు అన్నం ఒక కంచంలో వేసి మూతపెట్టేది. మర్నాడు ఆ సద్దన్నం పిన్ని తినాలి. మొగుడి వంతు పెళ్లాం తినడం నియమమని మామ్మ చెప్పింది. ఏళ్ల తరబడి పిన్ని పొద్దున్నే గుమ్మం పక్కన కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ, ఆ చల్లన్నం తినడం నాకు గుర్తుంది. మొదట్లో తింటూ మాతో మాట్లాడేది. తర్వాత తర్వాత ఊరికే తినేది. మొహానికి తనాఖా రాయడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ప్రతి ఏడూ అహ్లోన్ నుంచి లారీ మాట్లాడుకుని చాలా ఇళ్లవాళ్లం మెట్టకి వెళ్లేవాళ్లం. వేపరెమ్మలు, పసుపు, చల్ది ముంతలు, పిల్లలు, అందరూ ఒకే లారీలో. లారీ దిగాక రాళ్ల అంచు మీద వరసగా నడిచేవాళ్లం. రాయి చెప్పులు కోసేస్తుందని మగవాళ్లు కూడా చెప్పులు చేత్తో పట్టుకునేవారు. నాకూ అక్కకూ ఆ నడకంటే ఇష్టం. ఒక పక్క ఆకాశం అంచుదాకా ఎర్రమట్టి, రెండో పక్క అంత ఎత్తు నుంచి కనిపించే నీళ్లు. మామ్మ ప్రతి ఏడూ రాయి ముందు కూర్చుని "అప్పన్న ఊరెల్లాడమ్మా, సల్లగా సూడు" అని చెప్పేది. మేము రాళ్ల మీదుగా వెనక్కి వచ్చేవాళ్లం. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ దుమ్ముకాళ్లతో పడుకునేవాళ్లం. మామ్మ చాప చివర ఎర్రగా అయ్యేది. తెల్లారాక పిన్ని ఆ చాపలన్నీ వాకిట్లో దులిపి, చుట్టి, మూలన నిలబెట్టేది.

ఒక ఏడు, రాళ్ల మీద నడుస్తుండగా, పిన్ని మామ్మ పక్కకు వచ్చింది. నేను మామ్మ కొంగు పట్టుకుని ఉన్నాను.

"అత్తా, ఈ ఏడు ఏటి సెప్తావు?"

"ఏటి సెప్తాను? ఊరెల్లాడని సెప్తాను."

"ఎన్నాల్లని సెప్తావు?"

"వచ్చేదాకా సెప్తాను. నీకేటి నొప్పి? నోరు నాది కదేటి?"

"నోరు నీదే అత్తా. సద్ది నాను తింతన్నాను."

మామ్మ ఆగి ఆమె వైపు చూసింది. తర్వాత ముందుకు నడిచింది. రాయి దగ్గర ఎప్పుడూ చెప్పినట్టే చెప్పింది. లేచి, కొంగు దులుపుకుని, మా ఇంటివాళ్లందరినీ వెంటపెట్టుకుని రాళ్ల దారి పట్టింది. కొంతదూరం వచ్చాక అమ్మ వెనక్కి తిరిగి, "నర్సమ్మేదీ?" అంది. అందరం ఆగాం. అంచు మీంచి కిందికి చూస్తే పిన్ని పెద్దనీళ్ల ఒడ్డున కనిపించింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నీళ్లలో, నెమ్మదిగా గట్టు వైపు నడుస్తోంది. మనిషి పోయిన ఇళ్లవాళ్లు ఇంకొందరు ఆమెకు ముందూ వెనకా ఉన్నారు. వాళ్లు గుంపులుగా ఉన్నారు. పిన్ని ఒక్కతే. నాన్న కేక వెయ్యబోతే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. మామ్మ ఆగలేదు. మొహం తిప్పకుండా, రాళ్ల మీద, మా అందరికంటే ముందు నడిచింది.

ఇంటికొచ్చాక మామ్మ లోపలికి వెళ్లి కూర్చుంది. పిన్ని గుమ్మం బయట నిలబడింది. పసుపునీళ్లు పడాలి, ఎవరూ పొయ్యలేదు. అప్పటికి ఆమె కాళ్లు ఎప్పుడో ఆరిపోయాయి, అయినా వాటిని తడికాళ్లే అంటారు. మిల్లు విజిల్ వేశారు, మగవాళ్లు పని నుంచి వస్తూ ఆమెను చూసి తలదించుకుని పోతున్నారు. డో తిన్ తన వాకిట్లోంచి ఏమిటని చేత్తో సైగ చేసింది. "నా కొడుకుని సంపేసి వచ్చింది. దానికి నీల్లెవుడు పోత్తాడు?" అని మామ్మ లోపలి నుంచి గట్టిగా అంది. అమ్మ వంటింట్లో ఉంది. పొయ్యి మీద గిన్నె దించింది. ఇత్తడి చెంబులో పసుపు కలిపింది. మామ్మ ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి పిన్ని కాళ్ల మీద పోసింది. పిన్ని లోపలికి వచ్చి గాజులు తీసి పొయ్యి గట్టు మీద పెట్టి, అప్పుడు ఏడ్చింది. చిన్నాన్న రాని అన్నేళ్లలో ఆమె ఏడవడం అదే మొదటిసారి చూశాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, చావు గురించి చాలానే చదివాను. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద, ఒకే మనిషి ఒకరికి పోయినవాడు, ఒకరికి ఊరెళ్లినవాడు. మామ్మ రాత్రి కంచంలో అన్నం వేసి మూతపెట్టడం మానలేదు. పిన్ని ఆ అన్నం తినడం మానేసింది. మర్నాడు ఆ సద్ది మామ్మే తినేది, పళ్లు లేని నోటితో, చాలాసేపు. మెట్టకి వెళ్లినప్పుడు మామ్మ రాళ్ల మీద, పిన్ని నీళ్లలో. మామ్మ మళ్లీ ఎప్పుడూ ఆమెను ఏమీ అనలేదు, పసుపునీళ్లూ పొయ్యలేదు. కానీ ఇంటికి చేరగానే చెంబులో పసుపు కలిపి గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్లిపోయేది. పోసేది అమ్మ. మర్నాడు పొద్దున్న పిన్ని అందరి చాపలూ దులిపేది. మామ్మ చాప మాత్రం దులిపేది కాదు. ఎర్రదుమ్ము ఉన్నది ఉన్నట్టే, జాగ్రత్తగా, కాళ్ల వైపు నుంచి లోపలికి చుట్టి మూలన పెట్టేది. మామ్మ అది చూసేది. నేనూ చూసేదాన్ని.

చిన్నాన్న రాలేదు. ఏమయ్యాడో ఇవాళ్టికీ తెలియదు. మామ్మ పోయాక ఆ కంచం పెట్టేవాళ్లు లేరు. పిన్ని అహ్లోన్ బజారు మొదట్లో శనగపప్పు గారెలు, బర్మావాళ్లు బయాజో అంటారు, వేయించి అమ్మేది. ఉద్యోగం నుంచి వస్తూ నేను ఆమె దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు అడిగాను, ఆ ఏడు ఎందుకలా దిగిపోయావు పిన్నీ అని. గారె తిరగేస్తూ చెప్పింది. "ఎదురుసూసి సూసి ఆ మనిసి మొకం మర్సిపోతన్నానమ్మా. రేపొత్తాడు, ఎల్లుండొత్తాడు అనుకుంతా ఉంటే మొకమెందుకు గుర్తుంతాది? రేవు గుర్తుంతాది, పడవ గుర్తుంతాది. నీల్లలో దిగాక ఏడుపొచ్చింది. ఏడిత్తే మొకం కనిపించింది." ఇంకో గారె నూనెలో వేసి, "మీ మామ్మది తప్పని కాదు. ఆవిడకి మొకం ఎప్పుడూ కల్లముందే ఉండీది. నాకు లేకపోయింది. నన్నెవులూ అడగలేదు కదేటి" అంది. గారెలు కాగితంలో కట్టి నా చేతిలో పెట్టి, చల్లారితే బాగోవు, బేగి తినెయ్యి అంది.

ఈ ఏడు మెట్టకి వెళ్లడానికి లారీ లేదు. వెళ్లే ఇళ్లే లేవు. అహ్లోన్ ఇళ్లు పడగొట్టి మేడలు కట్టారు. మిగిలినవాళ్లలో కొందరికి ఆ దారిలో సిపాయిల తనిఖీలంటే భయం. అక్క కర్మలు చేయించిన గుడి పెద్దాయన నాతో, "కుర్రాడి సంగతి కూడా ఈ ఏడు తేల్చెయ్యండమ్మా. సంవత్సరీకంతో పాటు అయిపోద్ది. ఆ పిల్లకీ ఒక దారి దొరుకుద్ది" అన్నాడు. తన్లిన్ నుంచి తీదా తల్లి వారానికోసారి ఫోన్ చేస్తుంది. నువ్వక్కడ ఎవరికి వండుతున్నావు, వచ్చెయ్, ఇక్కడ బట్టల ఫ్యాక్టరీలో పనుంది అంటుంది. తీదా ఫోన్ చెవికి ఆనించుకుని ఊ కొడుతుంది. ఒకసారి ఫోన్ పెట్టేశాక నావైపు చూసి నవ్వి, "అందరికీ నా సంగతి తెలుసు డోడో. నాకే తెలీదు" అంది. నా మట్టుకు నాకు శంకర్ లేడనే అనిపిస్తుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. నేను రాయి ముందు కూర్చుని ఒక్క మాట అంటే ఆ పిల్ల విధవ అవుతుంది. ఇంకో మాట అంటే ఎంతకాలమో తెలియని కాపలా మనిషి అవుతుంది. ఏది అన్నా అనేది నేను, మొయ్యాల్సింది ఆమె.

అయినా వెళ్లాం. రెండు బస్సులు మారి, దారిలో ఒకచోట దిగి గుర్తింపు కార్డులు చూపించి, మళ్లీ ఎక్కి. చెరువుల చుట్టూ ఇప్పుడు కంచె, ఒక గేటు. గేటు దగ్గర కూర్చున్న అతను తీదా కార్డును రెండువైపులా చూశాడు.

"ఎందుకొచ్చారు?"

"అమేజీకి మొక్కు" అంది తీదా.

"మీ ఆయనేం చేస్తాడు?"

తీదా నావైపు చూసింది. "పడవల మీద పని బాబూ, దక్షిణాన" అన్నాను నేను. ఎలా వచ్చిందో నా నోట్లోంచి ఆ మాట. అతను కార్డు ఇచ్చేసి చేత్తో పొమ్మన్నాడు. కనుమరుగయ్యాక తీదా, "పడవలా, డోడో?" అని అడిగింది. అప్పుడు రాళ్ల మీద నడుస్తూ ఆమెకు చిన్నాన్న సంగతి, పిన్ని సంగతి, ఇక్కడ రాసిందంతా చెప్పాను. ఎండ రాయి మీంచి మొహానికి కొడుతోంది. నాకు మోకాళ్ల నొప్పి, ప్రతి అంచు దగ్గరా ఆమె చెయ్యి అందుకోవాల్సి వచ్చింది. నేను ఆగినప్పుడల్లా ఆమె "తర్వాత?" అంది.

రాయి దగ్గర పల్లెవాళ్లు పెట్టిన అరటిపళ్లు ఎండిపోయి ఉన్నాయి. పసుపు పూసి, చెంబుతో నీళ్లు చల్లి, కింద కూర్చున్నాను. "అమ్మా, మా అక్క పోయింది. వానల్లో పోయింది. పెద్దగా బాధపడలేదు" అని చెప్పాను. తర్వాత ఆగాను. పక్కకు జరిగి తీదాను పిలిచాను.

"రా. శంకర్ కబురు నువ్వు సెప్పు."

"నేనా? పెద్దవాళ్లు కదా చెప్పాలి? నాకు సరిగ్గా రాదు డోడో."

"వచ్చినట్టే సెప్పు. నీ సంగతి కదా."

ఆమె వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. రాయిని తాకలేదు. "అమ్మా," అంది. "కో శంకర్..." అని, బర్మా ఆడవాళ్లు మొగుణ్ని పిలిచినట్టే పిలిచి, ఆగింది. తర్వాత బర్మా భాషలో "మతీబూ" అంది. తెలియదు అని. గట్టమ్మకు ఆ మాట ఎవరైనా అంతకుముందు చెప్పారో లేదో నాకు తెలియదు. నేను వినడం అదే మొదలు. ఆమె ఇంకోసారి, ఈసారి తెలుగులో, రాయికి సరిగ్గా వినబడాలన్నట్టు, "తెలీదమ్మా" అంది.

లేచాక దారుల దగ్గర నిలబడ్డాం. అక్క పోయింది కాబట్టి మా ఇల్లు తడికాళ్ల ఇల్లు. ఇద్దరం కిందికే దిగాలి. ఆ మాట నేను చెప్పకముందే తీదా, "అత్తకి తడవాలి, తెలుసు. కానీ నేను తడిస్తే ఆయనకి కూడా తడిసినట్టే కదా డోడో?" అంది. "నాకు మొకం ఇంకా గుర్తుంది. ఎడమ చెవి కింద మచ్చ కూడా. మర్చిపోతే నేనే దిగుతాను. నీకు చెప్పే దిగుతాను" అంది. నా చెప్పులు కూడా అడిగి తీసుకుని, రాళ్ల వైపు వెళ్లిపోయింది.

నేను నెమ్మదిగా కిందికి దిగాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అడుగున బురద మెత్తగా ఉంది. అక్క కోసం నడుస్తున్నాను అనుకున్నాను. కొంతదూరం పోయాక అక్క ఒక్కదాని కోసమే నడుస్తున్నానని చెప్పుకోవడం కష్టమైంది. తల ఎత్తితే పైన అంచు మీద తీదా నడుస్తోంది, చేతిలో నా చెప్పులు, చంకలో చెంబు. చిన్నప్పుడు నేను పై నుంచి కిందికి చూశాను. ఇప్పుడు కింది నుంచి పైకి చూస్తున్నాను. ఆమె నా నడకకు తగ్గట్టు ఆగి ఆగి నడుస్తోంది. గట్టు మీద కలిశాక నా కాళ్ల వైపు చూసి, చెప్పులు కింద పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. మోటారు ఆడకపోతే మా అంతస్తుకు నీళ్లు ఎక్కవు. ఆ చెరువుల పక్కనే పొద్దంతా గడిపి వచ్చి, నీళ్లు లేని ఇంటికి మెట్లెక్కాం. తలుపు తీశాక "నువ్వు ఇక్కడే ఉండు డోడో" అని తీదా లోపలికి వెళ్లింది. తాగడానికి కొనుక్కున్న డబ్బానీళ్లు చెంబులోకి వంచడం వినిపించింది. పసుపు కలిపి తెచ్చి, గడప బయట నిలబడ్డ నా కాళ్ల మీద కొంచెం కొంచెంగా పోసింది, ఒక్క చుక్క వృథా కాకుండా. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. ఆమె పాదాలు మెట్టదుమ్ముతో ఎర్రగా ఉన్నాయి. కడుక్కోలేదు. కడుక్కోకూడదని నేను చెప్పలేదు, దారిలో చెప్పిన కథలోనే విని ఉంటుంది.

మర్నాడు ఆమె బజారుకు వెళ్లినప్పుడు పక్కలు తీశాను. నా దుప్పటి కిటికీ బయటికి వేసి దులిపాను. ఆమె దుప్పటి ఎత్తితే కాళ్ల వైపు ఎర్రగా ఉంది. దులపకుండా, ఆ చివర లోపలికి పోయేలా మడతపెట్టి, ఆమె దిండు మీద ఉంచాను.